ఈనలేక మేక, పిల్లలు పోయాయి. ఇంకో మేక చూడితో ఉంది, ఏం చేయాలి?

మెళియాపుట్టి కోడలు:

అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి మండలం, ఒడిశా బోర్డర్ పక్కన చిన్న ఊరు. డ్వాక్రా లోనుతో మేకలు పెంచుతున్నాను. మా ఆయన హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వెళ్తారు. సంక్రాంతికి వచ్చి ముక్కనుమ అవగానే బండెక్కేశారు. ఆ తర్వాత వారంలో ఇది జరిగింది.

మేక పేరు చుక్క. నల్ల మేక, నుదుటి మీద తెల్ల మచ్చ. ఇది మూడో ఈత. మొదటిసారి ఒక పిల్ల, రెండోసారి కవలలు. రెండుసార్లూ మేము లేచి చూసేసరికి ఈనేసి పిల్లల్ని నాకుతూ నిలబడి ఉంది. అందుకని ఈసారి ఇంట్లో ఎవరికీ టెన్షన్ లేదు. ఆ రోజు పొద్దున్న మందతో మేతకి వెళ్ళలేదు. తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు పడ్డాయి, పొదుగు బిగిసిపోయి ఉంది. సాలలో పొడి గడ్డి పరిచి తాడు విప్పి వదిలేశాను.

దీపాలు పెట్టే వేళకి నీటి సంచి పగిలింది. అప్పటి నుంచి ముక్కుతూనే ఉంది, పడుకుంటుంది, లేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది. "కంగారు పడకు, అదే ఈన్తాది, నానెన్ని చూసినానో" అన్నారు మా అత్తగారు. భోజనాలయ్యాక టార్చి వేసి చూస్తే ఒక కాలు బయటికి కనిపించింది. ఒక్కటే. పుట్టే పిల్లకి డెక్క చివర మెత్తటి పసుపు తొడుగు ఉంటుంది కదా, అది కూడా చెదరకుండా ఉంది. వేలితో ముట్టుకుంటే కాలు వెనక్కి లాక్కుంది. అంటే అప్పటికి పిల్ల బతికే ఉంది.

డాక్టర్‌గారి ఫోన్ కలవలేదు. మా ఊళ్ళో సిగ్నల్ సంగతి మీకు తెలియదు, మేడ ఎక్కితే ఒడిశా టవర్ పడుతుంది, దిగితే అదీ ఉండదు. పక్క ఊళ్ళో మందుల సంచి వేసుకుని తిరిగే అబ్బాయి ఒకడున్నాడు, అతన్ని మా మరిది బైక్ మీద తీసుకొచ్చాడు. చూసి "నొప్పులు చాలడం లేదు" అని తొడకి ఇంజక్షన్ చేశాడు. కాసేపటికి నొప్పులు బాగా ఎక్కువయ్యాయి. చుక్క అరిచిన అరుపుకి వీధిలో వాళ్ళు కూడా లేచి వచ్చారు. అయినా పిల్ల రాలేదు.

అప్పుడు గొర్రెలు కాసే తాతని పిలిచాం. ఆయన గోళ్ళు తీసుకుని, చేతికి కొబ్బరి నూనె రాసుకుని లోపల చూసి, "తల ముందుకి లేదు, పక్కకి తిరిగి డొక్క మీద పడుకుంది" అన్నాడు. చాలాసేపు కష్టపడి తల సరిచేసి లాగాడు. పోతు పిల్ల, చచ్చిపోయి పుట్టింది. చుక్క ఈనిన పిల్లల్లో అంత పెద్దది ఎప్పుడూ లేదు. దాని వెనకే ఇంకోటి, పెంటి పిల్ల, చిన్నది, బతికే పుట్టింది.

చుక్క రెండో పిల్లని ఒకటి రెండుసార్లు నాకింది. తర్వాత తల గడ్డి మీద పెట్టేసింది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. బయటికి మాత్రం నెత్తురు పెద్దగా పోలేదు. బెల్లం నీళ్ళు పట్టాను, మింగలేదు. కోడి కుయ్యకముందే పోయింది.

పిల్లకి ఆవుపాలు కాచి నిప్పుల్ సీసాతో పట్టాను. సరిగా చప్పరించలేదు, పెదాల పక్క నుంచి కారిపోయాయి. మా బాబు ఏడో తరగతి, స్కూలు మానేసి దాన్ని ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి అదీ పోయింది.

ఇప్పుడు ఇంట్లో తలొక మాట. మా అత్తగారు దిష్టి అంటారు. ఇంజక్షన్ అబ్బాయి "మేకకి బలం లేదు, ముందే క్యాల్షియం పెట్టించాల్సింది" అంటాడు. తాత "దాటిన పోతు పెద్దది, అందుకే" అంటాడు. మా ఆయన ఫోన్‌లో "తాత చెయ్యి పెట్టడం వల్లే లోపల చిరిగింది" అంటారు. ఎవరు చెప్పింది నిజం? పోయినదాని మీద పంచాయితీ పెట్టాలని అడగడం లేదు. చుక్క మొదటి ఈత పిల్ల మా దగ్గరే ఉంది, ఏడాదిన్నర వయసు. దసరాల్లో అదే పోతుకి ఎదకొచ్చింది. ఇప్పుడు చూడితో ఉంది, మొదటి ఈత. శివరాత్రి వెళ్ళాక ఈనాలి. దాని పొట్ట చూస్తుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

బొబ్బిలి జీవాలు:

అక్కా, చాలా బాధగా ఉంది. మాకు రెండేళ్ళ క్రితం ఇలాగే ఒక మేక పోయింది, దానికి మూడు పిల్లలు. ఈనక ముందు వారం రోజుల నుంచి మేత మానేసింది, కాళ్ళు తడబడేవి, నోటి దగ్గర అదోరకం తియ్యటి వాసన. మేము అజీర్ణం అనుకుని జీలకర్ర, వాము నూరి పట్టాం. తర్వాత డాక్టర్‌గారు చెప్పారు, కడుపులో పిల్లలు ఎక్కువై మేత చాలక ఒంట్లో కొవ్వు కరిగిపోయి అలా విషం అవుతుందట. మీ చుక్క ఆ రోజు వరకు బాగా తిన్నదా? తింటే అది కాదు.

మీ బాబుకి ధైర్యం చెప్పండి. మా పాప నెల రోజులు సాల వైపు వెళ్ళలేదు.

మేకల ఫారం విజయనగరం:

మేడమ్, ఉన్నమాట చెప్తాను, ఏమీ అనుకోకండి. నాటు మేకకి పెద్ద జాతి పోతుని కట్టిస్తే ఇలాగే అవుతుంది. లాభం కోసం అందరూ జమునాపారి క్రాస్, సిరోహి క్రాస్ అని వెంటపడుతున్నారు. పిల్ల రేటు బాగుంటుంది, తల్లి మాత్రం పోతుంది. సైన్స్ తెలియకుండా పెంపకం మొదలుపెడితే నష్టమే. పోతు సెలక్షన్ మీ బాధ్యత.

మెళియాపుట్టి కోడలు:

ఫారం గారూ, మీకు షెడ్డు, కంచె, వేరు వేరు గదులు ఉంటాయేమో. మా ఊళ్ళో మేకలన్నీ ఒకే మందగా చెరువు గట్టుకీ, జీడితోటలకీ వెళ్తాయి. ఆ పోతు ఒక మోతుబరిది. పర్లాకిమిడి వైపు నుంచి తెచ్చారు, నా నడుము దాటి ఎత్తు ఉంటుంది. దాన్ని ఎవరు కట్టేస్తారు? కట్టమని నేను రెండుసార్లు అడిగితే "మంచి జాతి ఊరికే వస్తుంటే వద్దంటావేటమ్మా" అని నవ్వారు. నేను సెలక్షన్ చేసినదేమీ లేదు.

బొబ్బిలి తమ్ముడూ, చుక్క ముందు రోజు సాయంత్రం వరకు శుభ్రంగా తింది. ఉలవలు ఉడకబెట్టి పెట్టాను, గిన్నె నాకేసింది. నడకలో తేడా లేదు.

వంగర గొర్రెలోళ్ళబ్బాయి:

అక్కా, పోతు పొట్ట కింద గోనె కట్టించండి. మా నాన్నవాళ్ళు పొట్టేళ్ళకి అలాగే కడతారు. నడుం చుట్టూ తాడు, దానికి వేలాడేలా గోనె ముక్క. ఎక్కినా అడ్డం పడుతుంది. పోతు యజమాని ఒప్పుకోకపోతే ఊరి పెద్దల దగ్గర పెట్టండి. మీ ఒక్కరి మేకే కాదు కదా, ఈ ఏడాది మందలో ఎన్ని నాటు మేకలు దానికి చూడి కట్టాయో లెక్క వేస్తే వాళ్ళే వస్తారు.

ఇంకో మాట. తాతని అనకండి. తల మెడ దగ్గర నుంచి వెనక్కి తిరిగితే దాన్ని తిప్పడం ఎంత కష్టమో మా ఇంట్లో చూశాను. మా నాన్నమ్మ చెయ్యి సన్నం, ఊళ్ళో అందరూ ఆవిడనే పిలిచేవారు. ఆవిడ కూడా కొన్నిటిని చూసి "ఇది నా వల్ల కాదు, డాక్టర్ దగ్గరకి తోలండి" అనేసేది. మీ తాతని ఇంజక్షన్ తర్వాత పిలిచారు. ముందే పిలిచి ఉంటే ఆయన పని సులువయ్యేది.

పశువుల డాక్టరు, రిటైర్డ్:

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే నా సర్వీసంతా గడిచింది. పోస్ట్‌మార్టం లేకుండా ఇదే అని ముద్ర వేయకూడదు. కానీ మీరు గమనించినవి ఒక వరసలో పెడితే సంగతి చాలావరకు తెలుస్తుంది.

చెవులు చల్లబడటం, చిగుళ్ళు తెల్లబడటం, బయటికి నెత్తురు పెద్దగా లేకపోవడం. ఈ మూడూ కలిస్తే మొదటి అనుమానం లోపల రక్తస్రావం మీదకే పోతుంది. గర్భసంచి చిరిగితే నెత్తురు పొట్టలోకి పోతుంది, మనకి కనపడదు. ఎందుకు చిరుగుతుంది? పిల్ల తల పక్కకి తిరిగి ఉంది, అంటే దారి మూసుకుపోయింది. ఆ స్థితిలో నొప్పులు పెంచే ఇంజక్షన్ ఇస్తే గర్భసంచి తన బలమంతా పెట్టి మూసిన తలుపు మీదకి తోస్తుంది. ఆ ఇంజక్షన్ సాధారణంగా ఆక్సిటోసిన్ అయి ఉంటుంది. అది చెడ్డ మందు కాదు. గర్భసంచి నోరు తెరుచుకుని, పిల్ల సరైన తీరులో ఉండి, నొప్పులు మాత్రమే చాలనప్పుడు పనికొస్తుంది. పిల్ల అడ్డంగా ఉన్నప్పుడు ఇవ్వకూడదు. చెయ్యి పెట్టి చూడకుండా "నొప్పులు చాలడం లేదు" అని ఎవరూ చెప్పలేరు. మీ మేక గంటల తరబడి ముక్కుతోంది, నొప్పులకి లోటెక్కడిది?

చేతి వల్ల చిరగదా అంటే, చిరగవచ్చు. అలిసిపోయి ఆరిపోయిన గర్భసంచి పలచబడి ఉంటుంది, ఎంత నెమ్మదిగా చేసినా ప్రమాదమే. అయినా మీ తాత గోళ్ళు తీసుకున్నాడు, నూనె రాసుకున్నాడు, తల సరిచేశాకే లాగాడు. మా స్టూడెంట్లలో కొందరు ఇన్ని చేయరు. దిష్టి సంగతి నాకు తెలియదు. క్యాల్షియం మాట మాత్రం ఇక్కడ అతకదు. క్యాల్షియం పడిపోయిన మేక మెత్తబడి పడుకుంటుంది, అంత గట్టిగా ముక్కలేదు.

పోతు విషయానికొస్తే, పెద్ద పోతు అయితే పిల్ల పెద్దది కావచ్చు, నిజమే. పిల్ల పెద్దదైతే తల మడత పడిందంటే సరిచేయడానికి లోపల చోటు ఉండదు. అయితే తల పక్కకి తిరగడం చిన్న పిల్లల్లో కూడా జరుగుతుంది. తాత చెప్పినది సగం నిజం అనుకోండి.

ఇప్పుడు చిన్నదాని సంగతి చెప్పుకుందాం. మీరు అడిగింది అదే కదా. మేకకి చూడి కాలం దాదాపు 150 రోజులు, నాలుగైదు రోజులు అటూ ఇటూ. దసరా నాటి తేదీ మీకు గుర్తుంటే క్యాలెండర్ మీద ఈనే రోజు ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. కడుపులో పిల్ల బరువు సుమారు 70 శాతం ఆఖరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది. ఈ ఆరు వారాల్లో మేత విషయంలో రెండు వైపులా ప్రమాదం ఉంది. తగ్గిస్తే బొబ్బిలి ఆయన చెప్పిన జబ్బు వస్తుంది. పిల్ల పెద్దదవుతుందని భయపడి తల్లిని పస్తు పెట్టేవాళ్ళున్నారు, ఆ పని చేయకండి. అలాగని గింజలు కుమ్మరిస్తే తల్లికి లోపల కొవ్వు పడుతుంది. ఆకుమేత బాగా పెట్టండి, సుబాబుల్, అవిశ, మినప పొట్టు, ఏది దొరికితే అది. ఉలవలో, తౌడో రోజుకి పావు కిలోకి దగ్గరగా, రెండు పూటలుగా పెట్టండి. రోజూ కొంత దూరం నడవనివ్వండి, కట్టేసి ఉంచవద్దు.

ఈనే రోజు గుర్తుంచుకోవలసింది ఒక్కటే, గడియారం. మేత మానేసి గుంటలు పడి అటూ ఇటూ తిరగడం కొన్ని గంటలు పట్టవచ్చు, మొదటి ఈతకి ఇంకా ఎక్కువ. దానికి భయం లేదు. నీటి సంచి పగిలి గట్టిగా ముక్కడం మొదలయ్యాక మాత్రం అరగంటలో ఏదో ఒకటి కనిపించాలి. గంట దాటితే ఎవరేమన్నా ఆగకూడదు. "అదే ఈన్తాది" అనే మాట ఆ గంట వరకే.

కనిపించినది ఏమిటో చూడాలి. మామూలుగా పిల్ల, చెరువులోకి దూకేవాడు చేతులు ముందుకి చాచినట్టు, రెండు ముందు కాళ్ళు, వాటి మీద ముక్కు పెట్టి వస్తుంది. రెండు కాళ్ళు కనిపించి ముక్కు లేకపోతే అవి ముందువా వెనకవా అని తడిమి చూడాలి. డెక్క నుంచి పైకి వెళ్తే రెండు కీళ్ళు తగులుతాయి. రెండూ ఒకే వైపు మడిస్తే ముందు కాలు. ఒకటి ఒక వైపు, ఇంకోటి ఎదురు వైపు మడిస్తే వెనక కాలు. వెనక కాళ్ళు రెండూ వస్తే ఆ పిల్ల అలాగే పుట్టగలదు, భయం లేదు, కానీ నడుము బయటికొచ్చాక ఆలస్యం చేయకూడదు, బొడ్డు నొక్కుకుపోతుంది. ముందు కాళ్ళు వచ్చి తల రాకపోతే, కవలలవి చెరొక కాలు వస్తే, తోక మాత్రమే తగిలితే, లాగనే కూడదు. తల లేకుండా కాళ్ళు లాగితే మెడ ఇంకా మడతపడుతుంది.

డాక్టరు వచ్చేలోగా మీ తాతే దిక్కైతే ఆయనకి ఇది చెప్పండి, ఆయనకి తెలిసే ఉంటుంది. బయటికొచ్చిన కాలికి మెత్తటి నూలు తాడు ఉచ్చు వేసి ఉంచుకోవాలి, అప్పుడు కాలు లోపలికి పోయినా దొరుకుతుంది. నొప్పికీ నొప్పికీ మధ్య పిల్లని వెనక్కి నెట్టాలి, నొప్పి వచ్చినప్పుడు తోయకూడదు. చోటు దొరికాక మూతి మొత్తం అరచేతిలో పట్టుకుని, పళ్ళు గర్భసంచికి గీసుకోకుండా ముందుకి తిప్పాలి. లాగడం నొప్పితో పాటే, కిందికి, మేక మోకాళ్ళ వైపు. నేరుగా వెనక్కి కాదు. పది పదిహేను నిమిషాల్లో కుదరకపోతే వదిలేయాలి. అంతకన్నా ఎక్కువసేపు చెయ్యి లోపల ఉంటే తల్లి దక్కదు.

మొదటి ఈత మేకకి కటి ఎముక ఇరుకైతే ఆపరేషనే మార్గం. మేకకి సిజేరియన్ కొత్త సంగతి కాదు, వేళకి తెస్తే తల్లీ పిల్లా ఇద్దరూ బతుకుతారు. గరివిడి పశువైద్య కళాశాల ఉంది గానీ మీకు దూరం. అందుకే ముందుగా మీ మండలం డాక్టర్‌గారిని స్వయంగా కలిసి, ఈనే తేదీ చెప్పి, రాత్రయితే ఎవరికి ఫోన్ చేయాలో, ఆపరేషన్ దగ్గరలో ఎక్కడ చేస్తారో అడిగి రాసుకోండి. పశువుల అంబులెన్స్‌కి 1962 నంబరు. అది మీ వైపు ఏ వేళల్లో తిరుగుతుందో అదే ఫోన్‌లో ముందు రోజుల్లోనే కనుక్కోండి. ఒక ఆటో అబ్బాయికి కూడా చెప్పి ఉంచండి.

మెళియాపుట్టి కోడలు:

డాక్టర్ గారూ, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. మీ జవాబు మా ఆయనకి ఫోన్‌లో చదివి వినిపించాను. తాత మీద కోపం తగ్గింది. తాతకి కూడా చెప్పాను. "ఆ గుంటడు సూది పొడిసినాడని నాతో ఎవరూ సెప్పనేదు" అన్నాడు. నిజమే, ఆ గొడవలో ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఇంకో రెండు అడగాలి. పెంటి పిల్ల బతికే పుట్టింది కదా, అది ఎందుకు పోయింది? ఆవుపాలు పడలేదా?

రెండోది, మా తోటికోడలికి ఐదో నెల. ఆ రోజు ఆవిడే టార్చి పట్టుకుంది, తర్వాత గడ్డి ఊడ్చింది. ఎవరో భయపెడుతున్నారు.

పశువుల డాక్టరు, రిటైర్డ్:

ముందు రెండోది. మీ తోటికోడలిని ఇకపై ఈనే మేక దగ్గరకి, మాయ దగ్గరకి, ఆ గడ్డి దగ్గరకి రానివ్వకండి. బ్రూసెల్లా లాంటి కొన్ని సూక్ష్మజీవులు మేకల ఉమ్మనీటిలో, మాయలో ఉంటాయి. వాటి వల్ల మనుషులకీ జబ్బు చేస్తుంది, గర్భిణులకి మరీ ప్రమాదం. మీ మేక నెలలు నిండి ఈనింది, ఈసుకుపోలేదు, కాబట్టి హడలిపోవాల్సిన పని లేదు. అయినా ఈసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు ఈ సంగతి డాక్టరమ్మకి చెప్పమనండి. మధ్యలో జ్వరం వస్తే చెకప్ తేదీ వరకు ఆగకండి. చనిపోయిన వాటిని ఎక్కడ వేశారు?

పిల్ల విషయం. సంక్రాంతి చలి, తడిసిన ఒళ్ళు, నాకే తల్లి లేదు. అది పోయింది పాల వల్ల కాదు, చలి వల్ల కావచ్చు. చల్లబడిన పిల్ల చప్పరించలేదు, మింగలేదు. బలవంతంగా పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పెదాల పక్క నుంచి కారిపోయాయి అన్నారు చూడండి, అదే గుర్తు. ఇలాంటప్పుడు ముందు నోట్లో వేలు పెట్టి చూడాలి. నోరు చల్లగా ఉంటే పాలు ఆపేసి, పొడి గుడ్డతో గట్టిగా రుద్ది, వేడి నీళ్ళ సీసాలు గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, లేదా కుంపటి కాస్త దూరంలో పెట్టి వెచ్చబెట్టాలి. ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు ఉంటే ఆసనం దగ్గర పెట్టి చూడండి. 102, 103 ఉండాలి. 99 కంటే తక్కువుంటే పాలు పట్టవద్దు. వేలు చప్పరించడం మొదలుపెట్టాకే పాలు.

మొదటి పాలు ముర్రుపాలే కావాలి, గంటలోపు. తల్లి చనిపోయినా పొదుగులో ముర్రుపాలు ఉంటాయి, వెంటనే పిండుకోవచ్చు. చాలామందికి ఈ ఆలోచన రాదు, లేదా మనసొప్పదు. ఊళ్ళో ఆ ఒకటి రెండు రోజుల్లో ఈనిన ఇంకో మేకవి అయినా, ఆవువి అయినా సరే, జున్నుపాలే. కిలోన్నర పిల్లకి పూటకి 50 నుంచి 75 మిల్లీలీటర్లు, రోజులో నాలుగైదు సార్లు. ఆ అవకాశం మీకు ఆ రాత్రి తక్కువే.

మెళియాపుట్టి కోడలు:

చుక్కనీ పిల్లల్నీ జీడితోట చివర గొయ్యి తీసి పాతిపెట్టారు మా మరిది. సున్నం వేశారు. గొయ్యి లోతుగానే ఉంది, కుక్కలు తవ్వలేదు. మాయ మాత్రం పడలేదు, లోపలే ఉండిపోయింది.

ముర్రుపాలు పిండుకోవచ్చని ఎవరైనా చెప్పి ఉంటే పిండేదాన్నే. పొదుగు నిండుగా ఉంది.

పశువుల డాక్టరు, రిటైర్డ్:

సున్నం వేసి లోతుగా పాతడం సరైన పని. మాయ పడేదాకా చుక్క బతకలేదు, దాని గురించి ఆలోచించకండి. చిన్నది ఈనాక మాత్రం మాయ 12 గంటల్లోపు పడాలి. వేలాడుతుంటే లాగకండి, రాయి కట్టకండి, డాక్టర్‌ని పిలవండి.

బొబ్బిలి జీవాలు:

చుక్కకి ఇన్సూరెన్స్ ఉందా అక్కా? చెవికి పోగు ఉంటే మళ్ళీ ఎప్పుడైనా ఇలా జరిగినప్పుడు పాతిపెట్టే ముందే డాక్టర్‌గారికి చూపించి కాగితం రాయించుకోండి. పోగు చూపించమంటారు, ఫోటో అడుగుతారు. పాతాక ఎవరూ నమ్మరు.

మెళియాపుట్టి కోడలు:

లేదు తమ్ముడూ, లోను ఇచ్చినప్పుడు అడిగారు గానీ అప్పుడు చేయించలేదు. చిన్నదానికి చేయిస్తాను.

ఇవాళ మండలం ఆస్పత్రికి వెళ్ళొచ్చాను. డాక్టర్‌గారు చిన్నదాన్ని తీసుకురమ్మన్నారు. ఆటోలో తీసుకెళ్తే పొట్ట పట్టి చూసి ఒక్క పిల్లే ఉండొచ్చు అన్నారు. ఒక్కటే అయితే పెద్దదవుతుందా అని అడిగాను, "అవ్వొచ్చు, అందుకే ఈనే రోజు నాకు ఫోన్ చెయ్యి" అని తన సొంత నంబరు ఇచ్చారు. రాత్రయినా చేయమన్నారు. పోతు సంగతి వార్డు మెంబర్‌కి చెప్పాం. మోతుబరి గారు గోనె కట్టనన్నారు గానీ, మందతో తోలకుండా కొట్టంలో కట్టేస్తామన్నారు. ఎన్నాళ్ళు కడతారో చూడాలి.

డాక్టర్ గారూ, చేతికి భుజం దాకా వేసుకునే ప్లాస్టిక్ తొడుగులు తాతకి కొనిద్దామనుకుంటున్నాను. అవి పర్లాకిమిడిలో దొరుకుతాయా, టెక్కలి వెళ్ళాలా?

పశువుల డాక్టరు, రిటైర్డ్:

పశువుల మందులు అమ్మే షాపులో ఎక్కడైనా అడగండి, ఆవులకి చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేసేవాళ్ళు వాడేవే అవి. అయితే మేకకి అంత పొడుగు అక్కర్లేదు, అవి వదులుగా ఉండి లోపల ముడతలు పడతాయి. మామూలు మెడికల్ షాపులో ఆపరేషన్ గ్లవ్స్, తాత చేతికి బిగువుగా సరిపోయే సైజు తీసుకోండి. టింక్చర్ అయోడిన్ చిన్న సీసా కూడా తెచ్చుకోండి, పిల్ల బొడ్డుకి పుట్టగానే రాయాలి. తాతని షాపుకి తీసుకెళ్తే సైజు తేలిపోతుంది.